గ్లాసు అడుగున చక్కెర

మా అమ్మ పని లేకుండా కూర్చోగా నేను చూసింది ఆ ఒక్క ఎండాకాలమే. తెలంగాణ వచ్చాక రెండో ఎండాకాలం. నేను పాఠాలు చెప్పే బడికి సెలవులివ్వగానే ఆమెను ఊరి నుంచి తీసుకొచ్చి నల్గొండ దవాఖానలో కుడికంటికి శుక్లం తీయించాను. నలభై రోజులు వంగొద్దు, బరువెత్తొద్దు, పొయ్యి దగ్గరికి పోవద్దు, తలకు నీళ్లు పోసుకోవద్దు అని డాక్టరు ఒక్కొక్కటే చెప్తుంటే, అమ్మ నా చెవి దగ్గరికి వంగి, "ఇగ ఊపిరన్న తీసుకోమన్నడా, అదీ వద్దన్నడా?" అంది.

నార్కట్‌పల్లిలో మా ఇంట్లో వెనక వసారాలో నులకమంచం వేశాను. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఆ చేతులను ఏం చేయాలో ఆమెకు తెలిసేది కాదు. కాసేపు చీరకొంగు మడత పెట్టేది, విప్పేది, మళ్లీ మడత పెట్టేది. ఊళ్లో పెద్దపటేలు ఇంట్లో పాతికేళ్లు వాకిలి ఊడ్చి బోళ్లు తోమిన మనిషి. వాళ్లు ఇల్లమ్ముకుని పట్నం పోయాక కూలికి పోయింది. మా అమ్మ గుర్వమ్మ ఒక్క రోజు ఇంటి దగ్గర ఉందంటే జ్వరమన్నా అయి ఉండాలి, ఎవరన్నా పోయన్నా ఉండాలి అనుకునేవాళ్లు.

మా ఆయన లింగస్వామి మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. శనివారం శనివారం వస్తాడు. మొదటి శనివారమే అమ్మ పక్కన స్టూలేసుకుని కూర్చున్నాడు.

"అత్తమ్మా, నీకు పొద్దు పోవాల్నంటే మీ బిడ్డ రాసింది సదివిచ్చుకో. ఏడాదికి ఇద్దర్నన్న సంపనిది ఆమెకు నిద్ర పట్టదు."

"గట్లనా? నేనేదో పిల్లల పాఠాలు రాస్తాందనుకున్న."

"అబ్బో, పాఠాలా! రక్తం, పిస్తోలు, పోలీసులు. నేను ఇంట్ల ఉన్న దినం చాయ గూడ జూసి తాగుత."

నిజమే, అమ్మకు నేనెప్పుడూ చెప్పలేదు. పదకొండేళ్లుగా ఒక వారపత్రికకు డిటెక్టివ్ సీరియళ్లు రాస్తున్నాను. నా పేరు యాదలక్ష్మి. పత్రికలో సౌజన్య. ఆ పేరు సంపాదకుడు ప్రేమ్‌సాగర్ గారు పెట్టారు. "యాదలక్ష్మి అంటే వ్రతకథ అనుకుంటారు మేడమ్" అని ఫోన్లో నవ్వారు. నేనూ నవ్వాను.

ఆయనకు నా మీద ఒకటే ఫిర్యాదు. "మీ బంగళాలకు ముందు తలుపు ఉండదేమిటండీ? హాల్లో సోఫా ఏ రంగో రాయరు. వెనక వాకిట్లో బావి, బూడిద, కొబ్బరిపీచు మాత్రం కళ్లకు కట్టినట్టు ఉంటాయి." అప్పటి నుంచి నేను పేపర్లలో ఫర్నిచర్ ప్రకటనలు కత్తిరించి దాచుకుని, ఒక్కో నవలలో ఒక్కో సోఫా పెడుతున్నాను. పెద్దిల్లు అనేది నాకు వెనక నుంచే తెలుసు. చిన్నప్పుడు అమ్మ వెంట పోతే బావి గట్టు దగ్గర నిలబడేదాన్ని. గడప దాటి లోపలికి పోయింది లేదు.

ఆ ఏడు నవల ఫిబ్రవరిలోనే మొదలైంది. ముందే రాసి పంపిన భాగాలు అయిపోతున్నాయి. బంజారాహిల్స్‌లో ఒక మేడ. చిన్నకోడలు విషం వల్ల చనిపోతుంది. అత్తా, బావా, భర్తా, ఇంటి డాక్టరూ, అందరి మీదా అనుమానమే. ఇన్‌స్పెక్టర్ నిశాంత్ నిజం కనిపెట్టాలి. ఆ నిజం ఏమిటో నాకే ఇంకా తెలియదు. ఈసారి బాగా కుదిరితే పుస్తకంగా వేయిస్తానని ప్రేమ్‌సాగర్ గారు మాటిచ్చారు. నా పేరుతో పుస్తకం లేదు, సీరియళ్లే. ఆ పుస్తకం మీద నాకు చాలా ఆశ ఉండేది.

మధ్యాహ్నాలు చదివి వినిపించడం మొదలుపెట్టాను.

"హాల్లో అందరూ కాఫీ కప్పులు చేత్తో పట్టుకుని కూర్చున్నారు. నిశాంత్ ఒక్కొక్కరి ముఖంలోకీ పరీక్షగా చూశాడు..."

"ఆగాగు" అంది అమ్మ. "పొద్దటి నుంచి మూడుసార్లు తాగిరి. గిన్ని కప్పులు ఎవలు గడుగుతున్నరు?"

"పనిమనిషి ఉంటదిలే అమ్మా."

"ఆమె పేరేంది?"

పేరు పెట్టలేదు. ఆ నవలలోనే కాదు, ఏ నవలలోనూ పెట్టలేదని అప్పుడు తెలిసింది. కాఫీ తెచ్చేది, తలుపు తీసేది, ఒకటి రెండు మాటలు మా ఊరి యాసలో మాట్లాడి పాఠకులను నవ్వించేది. నా మిగతా మనుషులంతా పుస్తకాల తెలుగు మాట్లాడేవాళ్లు.

"రంగమ్మ అని పెడుదాం" అన్నాను.

"పెట్టు. పాపం, గంత సాకిరి జేస్తాంది, పేరన్న ఉండనియ్యి."

కోడలు చనిపోయే భాగం చదివిన రోజు మాత్రం అమ్మ మధ్యలో ఆపలేదు. సాయంత్రం కంట్లో మందు వేస్తుంటే, మంచం మీద వెల్లకిలా పడుకుని, కన్ను తెరిచి ఉంచి అడిగింది.

"గా పిల్ల దేంట్ల తాగింది బిడ్డా?"

"ఇంక రాయలే. మందు సీసానే ఎత్తుకొని తాగిందని అందరనుకుంటరు."

మందుచుక్క పడింది. ఆమె కన్ను మూసుకుంది. "సీసాతోని తాగలే" అంది.

"ఎవలు?"

"శోభ."

పెద్దపటేలు చిన్నకోడలు శోభ. నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు ఎండ్రిన్ పురుగుమందు తాగి చచ్చిపోయిందని ఊరంతా చెప్పుకున్నారు. అంతకుమించి నాకేమీ తెలియదు. ఆ కోడలు చావే ఇన్నేళ్లకు నా నవలలో బంజారాహిల్స్ పోయి కూర్చుందని కూడా నాకు ఆ క్షణం దాకా తట్టలేదు.

అమ్మ కళ్లు మూసుకునే చెప్పింది. ముందురోజు సాయంత్రం బోళ్లన్నీ తోమి బోర్లించి ఇంటికొచ్చింది. తెల్లారి పోయేసరికి బావి గోడ మీద ఒక్క గ్లాసు ఉంది.

"పాలగ్లాసు. ఎత్తిజూస్తె అడుక్కు చక్కెర గడ్డ గట్టున్నది, కరగలే. వాసన జూసిన. పత్తిచేన్ల కొట్టే మందు వాసన. నాకెరుకే గద, కూలికి పోయి పీల్చిన వాసననే." తల నా వైపు తిప్పింది. "సావాలనుకున్నోళ్లు చక్కెర ఏసుకుంటరా బిడ్డా?"

నేను మందుసీసా మూత బిగించాను.

"చక్కెర డబ్బా పటేలమ్మ అర్రల ఉంటుండె. తాళంచెయ్యి ఆమె బొడ్లనే. శోభ చాయ తాగాల్నన్నా ఆమె ముంగట నిలవడాలె. మూడేండ్లాయె, కడుపు పండకపాయె. కొడుక్కు మళ్ల పెండ్లి జెయ్యాల్నని ఒక్కటే జపం."

"గ్లాసు ఏం జేసినవమ్మా?"

"కడిగిన."

"అయ్యో, ఎందుకు?"

"ఎందుకేంది? ఎంగిలి గ్లాసు కండ్ల వడితే కడగనా? అందుకేనాయె నన్ను పెట్టుకున్నది. వాసన పోలేదని బూడిదేసి రెండోసారి తోమిన. బోర్లిస్తుంటె లోపట ఏడుపు లేసింది."

పోలీసులు వచ్చారట. ముందు వాకిట్లో కుర్చీలేసి అందరినీ అడిగి, చివరికి వెనక్కి వచ్చి, నువ్వేమన్నా చూసినవా అని అడిగారట.

"నాకేమెరుక సారూ, నేను దొడ్లె ఉంటనన్న. అబద్ధం గాదు. దొడ్లనే ఉంటి."

శోభను తలుచుకుని ఇంకొక్క మాట అంది. "గా ఇంట్ల నన్ను 'తిన్నవా గుర్వమ్మా' అని అడిగిన మనిషి ఆమె ఒక్కతే."

ఆ వారమే చక్కెర నవలలోకి పోయింది. గ్లాసూ పోయింది, తాళంచెవీ పోయింది, రంగమ్మ కడగడమూ పోయింది. రాస్తుంటే నా చేతికి తడుముకోవడం తెలియలేదు. మొదటిసారి సోఫా కోసం వెతుక్కోలేదు.

భాగం అచ్చయిన రోజే ప్రేమ్‌సాగర్ గారు ఫోన్ చేశారు.

"సౌజన్యగారూ, చక్కెర! ఎక్కడిదండీ ఈ ఆలోచన?"

"ఊరికే తట్టింది సార్" అన్నాను. అమ్మ నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉంది.

"ఇక చూసుకోండి. హంతకురాలు రంగమ్మే. కలలో కూడా ఎవరూ ఊహించరు."

"రంగమ్మ ఎందుకు చంపుతుంది సార్?"

"ఏదో ఒకటి పెట్టండి. గొలుసు దొంగతనం చేస్తుంటే కోడలు చూసింది. గ్లాసు కడిగి సాక్ష్యం మాయం చేసింది కదా!"

"అలవాటు కొద్దీ కడిగిందండీ."

"విషం వాసన తెలిసి కూడానా? సరే, కడిగిందనుకుందాం. పోలీసులు అడిగినప్పుడు చెప్పాలి కదా? తప్పు చేయని మనిషి నోరెందుకు మూసుకుంటుందండీ? ఎవరు నమ్ముతారు?"

దానికి నా దగ్గర జవాబు ఉంది. కానీ ఆయనతో మాట్లాడేటప్పుడు నాకు వచ్చే మాటల్లో అది లేదు. ఆలోచిస్తానని ఫోన్ పెట్టేశాను. రంగమ్మను ముట్టుకోనివ్వను అనుకున్నాను.

నాలుగు రోజుల్లో ముగింపు రాసేశాను. రంగమ్మ ఒక్కతే నడుచుకుంటూ పోలీస్ స్టేషన్‌కు పోతుంది. చీపురు పట్టిన చేతితో వేలిముద్ర వేసి, జరిగింది జరిగినట్టు చెప్తుంది. మేడలో అత్తను అరెస్టు చేస్తారు. కోర్టులో రంగమ్మ బోనెక్కి చక్కెర సంగతి చెప్తుంటే జడ్జి కలం కింద పెడతాడు. చివర ఇన్‌స్పెక్టర్ నిశాంత్ లేచి నిలబడి ఆమెకు సెల్యూట్ చేస్తాడు. రాస్తూ నేనే ఏడ్చాను. ఇది అమ్మకు నేనిచ్చే కానుక అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం వసారాలో మామిడి ఒరుగులు ఆరబోసి ఉన్నాయి. వంగకుండా చేయగలిగిన పని అదొక్కటే కనుక అమ్మ స్టూలు మీద కూర్చుని కట్టెపుల్లతో వాటిని తిరగేస్తోంది. నేను చదివాను. సెల్యూట్ అయ్యాక కాగితాలు దించి అడిగాను.

"ఎట్లున్నదమ్మా?"

"అబద్ధం" అంది.

"కథనే గదమ్మా."

"కథనే. కానీ గామె సెప్పదు."

"భయపడి చెప్పదంటవా?"

"బయమా?" పుల్ల ఆపింది. "బయమైతే తెల్లారి మళ్ల గదే ఇంటికి బోళ్లు తోమవోతనా? పదేండ్లు పోయిన. గదే గ్లాసు తోమిన."

"మరెందుకు చెప్పదు?"

"నీ నిశాంతు ఏదో కనిపెడతడంటవు. కనిపెట్టేదేమున్నది? ఎవలు సంపిండ్రో ఊరందరికెరుకే. సాకలోళ్లకెరుక, పాలోళ్లకెరుక, పోలీసోళ్లకు గూడ ఎరుకేనేమో."

పుల్లతో మూడు ఒరుగులు తిరగేసింది. నాలుగోది తిరగేయలేదు.

"శోభ దినాలైనంక పెద్దపటేలు పిలిచిండు. దొడ్లెకు ఆయనే వచ్చిండు. 'గుర్వమ్మా, నీ పిల్ల సదువుల మంచిగున్నదట గద. ఈడుంటె బర్లు కాస్తది. నల్గొండల నాకెరుకైనోళ్లున్నరు, హాస్టల్ల ఏపిస్త' అన్నడు. గంతే. గ్లాసు ముచ్చట ఆయన తియ్యలే, నేను తియ్యలే. దండం పెట్టి వచ్చిన."

కాగితాలు మడిచి పక్కన పెట్టాను.

ఆ జూన్‌లో నేను హాస్టల్‌లో చేరాను. మా వాడలో ఆడపిల్ల ఎవరూ అంతకుముందు ఊరు దాటి చదవలేదు. మా అమ్మ ఎంత ధైర్యం చేసి పంపిందో అని బడిలో పిల్లలకు ఏటా చెప్తాను. ఆ హాస్టల్ వార్డెన్ గదిలో తుప్పుపట్టిన ఇనుప బీరువా ఉండేది. అందులో అట్టలు చిరిగిన డిటెక్టివ్ నవలలు ఉండేవి. ఆదివారాలు బట్టలు ఉతుక్కున్నాక బీరువా పక్కన నేల మీద కూర్చుని అన్నీ చదివాను. ప్రతి నవలలోనూ చివరికి నిజం బయటపడేది. అది నాకు ఎంతో బాగుండేది.

"ఎండ దిగుతాంది" అంది అమ్మ. "ఒరుగులు తీసి లోపట పెట్టు. నేను వంగొద్దాయె."

వంగి ఒరుగులు ఎత్తాను.

ఆ తరువాత మళ్లీ రాశాను. ఈసారి రంగమ్మ స్టేషన్‌కు పోలేదు. నాకేమీ తెలియదు సారూ అంది. నిశాంత్ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసి, చెప్పదని అర్థమై, జీపెక్కి వెళ్లిపోయాడు. తెల్లారి రంగమ్మ పనికి వచ్చింది. అంతే. రెండు పేజీలకు మించి రాలేదు. పదకొండేళ్లలో నేను రాసిన వాటిలో చదువుకుంటే సిగ్గనిపించనివి ఆ రెండు పేజీలే.

బుధవారం పంపాను. గురువారం పొద్దున ప్రేమ్‌సాగర్ గారి ఫోన్.

"ఇదేంటి మేడమ్? ఇది ముగింపు కాదు. నేరం ఉంది, శిక్ష లేదు. ఇరవై వారాలు చదివినవాళ్లు రాళ్లతో కొడతారు."

"అట్లాగే జరుగుతుంది సార్."

"జరగొచ్చు. జరిగేది చదవడానికి మన పత్రిక ఎందుకండీ, పేపరుంది కదా." ఆయన చెడ్డమనిషి కాదు. గొంతు తగ్గించి అన్నారు. "చూడండి, రేపు పొద్దున ప్రెస్‌కు పోవాలి. పుస్తకం వేస్తామన్నవాళ్లు కూడా ముగింపు కోసమే ఆగారు. మీకు మనసు రాకపోతే చివరి పేజీ నేను రాసుకుంటాను. రంగమ్మ మీదికి తిప్పేస్తాను. ఊఁ అనండి చాలు."

వసారాలో అమ్మ కనబడుతోంది. గోడకు ఆనుకుని, మొఖం మీద ఎండ పడకుండా కొంగు అడ్డం పెట్టుకుని ఉంది. వద్దు అంటే సీరియల్ ఆగిపోతుంది, పుస్తకం రాదు. అంతకంటే ఏమీ కాదు. ఉద్యోగం పోదు. ఎవరూ నన్ను ఏమీ చేయరు.

"సరే సార్" అన్నాను.

ఫోన్ పెట్టి, మందు వేసే టైమయిందని అమ్మ దగ్గరికి పోయాను. "ఎవలు?" అని అడిగింది. "బడి వాళ్లు" అన్నాను.

జూన్ రెండోవారంలో బడులు తెరిచే ముందు అమ్మ ఊరికి బయల్దేరింది. పత్రిక ఆ పొద్దున్నే వచ్చింది. నేను బీరువాలో బట్టల కింద పెట్టాను. ఆటో కోసం చూస్తూ అరుగు మీద కూర్చున్నాక ఆమె అడిగింది.

"ఆఖరుది అచ్చయిందా?"

"అయింది."

"సదువు మరి. ఆటో వచ్చేదాక."

తెచ్చాను. అచ్చులో ఉన్నది నేనూ అప్పుడే చూస్తున్నాను. అమ్మకు అక్షరాలు రావు. నా రెండు పేజీలు నాకు కంఠతా ఉన్నాయి. అచ్చు మీద కళ్లు పెట్టుకుని అవే చెప్పవచ్చు. రంగమ్మ సెల్యూట్ అందుకుందని కూడా చెప్పవచ్చు. అమ్మ నల్ల కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. శుక్లం తీసిన కుడికన్ను తేటగా, చిన్నపిల్ల కన్నులా ఉంది. నా నోటి వైపే చూస్తోంది. ఆ కంటి ముందు కల్పించి చదవడం నా వల్ల కాలేదు.

ఉన్నది ఉన్నట్టు చదివాను. రంగమ్మ గొలుసు దొంగిలించింది. కోడలు చూసింది. రంగమ్మ పాలలో విషం కలిపింది, అనుమానం రాకుండా చక్కెర వేసింది. గ్లాసు కడిగింది. "నేరం ఎంత తెలివిగా చేసినా చట్టం కళ్లు గప్పలేరు" అన్నాడు నిశాంత్. మేడలో అత్త కొంగుతో కళ్లు తుడుచుకుని అతనికి కాఫీ తెప్పించింది. రంగమ్మను జీపెక్కించారు.

చదవడం అయిపోయింది. తల ఎత్తలేకపోయాను. హైవే మీద లారీలు పోతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎన్నేండ్లు పడ్డది ఆమెకు?" అని అడిగింది అమ్మ.

"యావజ్జీవం."

"అంటె?"

"సచ్చేదాంక జైలే."

అమ్మ తల ఊపింది. కొంగు తీసి మొఖం తుడుచుకుని, కొత్త కన్ను దగ్గర మాత్రం డాక్టరు చెప్పినట్టే ఒత్తకుండా అద్దుకుంది.

"గిదే నయం బిడ్డా. శోభ తరపున ఒక్కలకన్న శిచ్ఛ పడ్డది."